చుక్క తర్వాత అంకె

వాతావరణ కార్యాలయం, పాత రికార్డుల గది
ఫిబ్రవరి 20

వదినా,

ఫోన్లో నీకు సరిగా వినిపించదు. నేను అరిస్తే పక్క బల్లల వాళ్లు తలలెత్తి చూస్తారు. అందుకే ఈ ఉత్తరం.

నన్ను టైపు సెక్షన్ నుంచి కింది అంతస్తుకి, పాత రికార్డుల గదికి మార్చారు. గోడల నిండా ఇనప బీరువాలు, వాటి నిండా ఊరూరి స్టేషన్ల నుంచి వచ్చిన రిజిస్టర్లు. అందులోని అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మొన్న సోమవారం ఒక బీరువా తీస్తే మీ ఊరి స్టేషన్లో అన్నయ్య రాసిన రిజిస్టర్లు కనిపించాయి. ముప్పై ఏళ్లవి, నీలం అట్టలవి, వరసగా. అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను. మనిషి పోయి మూడేళ్లయింది, సిరా మాత్రం నిన్న రాసినట్టుంది.

మా ఆఫీసరు నాకన్నా పదేళ్లు చిన్నవాడు. మాట తక్కువ, టీ ఎక్కువ. చిన్న చిన్న ఊళ్లు ఈ యాభై ఏళ్లలో ఎంత వేడెక్కాయో లెక్క తీస్తున్నాడు. మీ ఊరి రికార్డంటే ఆయనకి ప్రాణం. అన్నయ్యకి ముందు ఇరవై రెండేళ్లు, అన్నయ్యవి ముప్పై, ఒక్క పూట కూడా ఖాళీ లేదట. కానీ ఆఖరి నాలుగేళ్ల దగ్గరికి వచ్చేసరికి నుదురు చిట్లించాడు. రాత్రి ఉష్ణోగ్రతలు అక్కణ్ణుంచి పెరిగినట్టున్నాయట.

ఆ రోజుల్లో థర్మామీటర్లుండే కొలత పెట్టె చోటు మార్చారా? పక్కన గోడ కట్టారా? రోడ్డేమైనా వేశారా? నీకు గుర్తున్నది రాయి. పని మీద అడుగుతున్నానన్న మాటేగానీ నీ కబుర్లు కూడా కావాలి.

అన్నయ్య పెట్టిన పేరుతోనే,
పిట్ట


గుట్ట కింది ఇల్లు
14-3

పిట్టకి వదిన ఆశీస్సులు.

పోస్టుమాన్ నా పేరు పిలిచి ఎన్నాళ్లయిందో. ఏదో కరెంటు ఆఫీసు నోటీసు అనుకుని విసుక్కుంటూ వెళ్లాను.

పెట్టె ఎక్కడికీ కదల్లేదమ్మా. నేను కాపురానికి వచ్చినప్పుడు ఎక్కడుందో చివరిదాకా అక్కడే ఉంది. నాలుగు కాళ్లు, గాలి ఆడేలా తెల్లరంగు పలకలు, ఉత్తరం వైపు తలుపు. గోడ కట్టలేదు. ఆ పక్క రోడ్డు మీ అన్నయ్య రిటైరయ్యాక వేశారు. చుట్టూ గడ్డి వారం వారం కోయించేవారు. ఇంకేమీ మారలేదు. ఏమీ మారలేదని మీ ఆఫీసరుకి చెప్పు.

నాకొకటి అర్థం కాదు. ఎండలు ఎప్పుడూ ఉన్నవేగా. ఒక్క డిగ్రీ పెరిగింది, అర డిగ్రీ పెరిగింది అని పేపర్లో అంత పెద్ద అక్షరాలెందుకు? పొద్దుటికీ మధ్యాహ్నానికీ మధ్య పది డిగ్రీలు తేడా ఉంటే ఎవరూ పేపర్లో వేయరు కదా. అలా అని నేను కళ్లు మూసుకుని కూర్చోలేదు. మా ఎదురింట్లో ఇస్త్రీ చేసే ఆమెది రేకుల ఇల్లు. ఇదివరకు పగలంతా పెట్టె రుద్దేది. ఇప్పుడు తెల్లారకముందే మొదలుపెట్టి తొమ్మిదికల్లా బొగ్గులు ఆర్పేస్తుంది. ఆమెని అడిగితే ఒక్క డిగ్రీ అనదు, ఇంకేదో అంటుంది. అది ఉత్తరంలో రాసే మాట కాదు.

వేళకి తింటున్నావా? హాస్టల్ గదికి ఫ్యాను బాగు చేయించుకున్నావా?

వదిన


పాత రికార్డుల గది
మార్చి 29

వదినా,

నీ ప్రశ్న ఆఫీసరుకి చదివి వినిపించాను. మొదటిసారి ఆయన టీ చల్లారిపోయింది.

ఒక రోజు ఎండ మనిషికి వచ్చే కోపం లాంటిదట. వస్తుంది, పోతుంది. ముప్పై ఏళ్ల సగటు మనిషి స్వభావం లాంటిది. స్వభావం మారితే ఇంట్లో అందరి బతుకూ మారుతుంది. పగలు నేల వేడిని మింగుతుంది, రాత్రి పైకి వదిలేస్తుంది. మనం బొగ్గూ పెట్రోలూ కాల్చిన పొగలో ఒక వాయువుంది. రంగు లేదు, వాసన లేదు, ఒకసారి చేరితే వందల ఏళ్లు పోదు. నేల వదిలిన వేడిలో కొంత అది పట్టుకుని మళ్లీ కిందికే పంపుతుంది. పొయ్యి ఆర్పేశాక కూడా కిటికీ తెరవని వంటింట్లో ఉన్నట్టుంటుంది చూడు, అలా. అందుకే పగళ్ల కన్నా రాత్రుల్లో ముందు తెలుస్తుందట.

ఒక్క డిగ్రీ అంటే ఏమిటో మీ ఊరి రిజిస్టర్లోనే చూపించాడు. పదిహేను డిగ్రీల కన్నా కిందికి దిగే రాత్రులు మొదట్లో ఏడాదికి నలభై దాకా ఉండేవి. చివరికి వచ్చేసరికి పన్నెండు. సగటున కదిలింది ఒక్క డిగ్రీ, మాయమైపోయినవి ఇరవై ఎనిమిది చల్లని రాత్రులు. నాకు అప్పుడు అర్థమైంది.

కానీ వదినా, ఇంకో విషయం ఉంది. ఆ పన్నెండు అన్న లెక్క ఆఖరి నాలుగేళ్లది. ఆ నాలుగేళ్లు పక్కన పెట్టేస్తానంటున్నాడు. ఎందుకంటే, పాతికేళ్లకు పైగా అన్నయ్య అంకెల్లో చుక్క తర్వాత ఎక్కువగా సున్నా, లేకపోతే అయిదు. సగం దగ్గరికి సర్దేసి రాయడం చాలామందికి అలవాటేనట. ఒక జూన్ నెల నుంచి మాత్రం మూడు, ఏడు, ఎనిమిది, అన్నీ సమానంగా వస్తున్నాయి. చదివే కన్ను మారితే తప్ప అలా మారదట. లేదా పెట్టె దగ్గరికి వెళ్లకుండా ఇంట్లో కూర్చుని ఊహించి రాసి ఉండాలి.

నీకేమైనా తెలుసా?

పిట్ట


గుట్ట కింది ఇల్లు
4-4

పిట్టా,

ఒక్క అంకె కూడా ఊహించి రాసింది కాదు. వానలో, జ్వరంలో, మా అమ్మ పోయిన రోజు కూడా పొద్దున ఎనిమిదికి, సాయంత్రం అయిదుకి పెట్టె తలుపు తెరుచుకుంది. మీ ఆఫీసరు టీ తాగుతూ అల్మరా ముందు కూర్చుని మాట్లాడటం కాదు.

నీకెలా తెలుసని అడుగుతావేమో. ముప్పై ఏళ్లు ఆ ఇంట్లో ఉన్నదాన్ని, నాకు తెలీదా.

ఇక ఈ సంగతి వదిలెయ్. మీ అన్నయ్యకి ఒక్క రోజూ తప్పని రికార్డని మీ ఆఫీసు వాళ్లే పతకం ఇచ్చారు. అది గోడకి వేలాడుతోంది. దాన్ని చూస్తూనే నేను ఇంత తింటున్నాను.

వదిన


హాస్టల్, నా గది
ఏప్రిల్ 13

వదినా,

ఆఫీసులో కూర్చుని ఇది రాయలేక గదికి వచ్చి రాస్తున్నాను.

నీ ఉత్తరం మీద తేదీలో రెండు నాలుగులున్నాయి. పైన నోరు తెరిచి, కాలు పక్కకి వాలి, కుర్చీ తిరగేసినట్టు ఉంటాయి. అన్నయ్య నాలుగు అలా ఉండదు. పైన మూసేసి, నిటారుగా ఉంటుంది. ఆ జూన్ నుంచి రిజిస్టర్లో ప్రతి పేజీలో ఉన్నది నీ నాలుగే.

తర్వాత నా ట్రంకు పెట్టె తీశాను. అన్నయ్య నాకు రాసిన ఉత్తరాలన్నీ దాచుకున్నాను కదా. ఆ ఏళ్లవి విడిగా తీసి తేదీలు చూశాను. అక్షరాలు అచ్చం అన్నయ్యవే. నాలుగులు నీవి.

రిజిస్టర్ల సంగతి నేనెవరికీ చెప్పలేదు. ఒక్కటి చెప్పు. అన్నేళ్లు నాకు ఉత్తరాలు రాసింది ఎవరు?

పిట్ట


గుట్ట కింది ఇల్లు
మే 19

పిట్టా,

నెల దాటింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఈసారి చింపను.

మీ అన్నయ్యకి కళ్లు పోయాయి. నీటికాసులన్నాడు కళ్ల డాక్టరు. లోపల నరం ఎండిపోతుందట, పోయిన చూపు మళ్లీ రాదట. ముందు పక్కలు పోయాయి. గుమ్మాలకి భుజాలు కొట్టుకునేవారు. నేను ఆ మాత్రం చూసుకోరా అని కసురుకునేదాన్ని. తర్వాత ఎడమ కన్ను, ఆ తర్వాత కుడి.

ఆఫీసుకి చెబుదామంటే వద్దన్నారు. "ఆ పెట్టె దగ్గరికి వెళ్లని రోజు నేనేం చెయ్యాలి?" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఓడిపోయాను.

కుడి కన్ను ఇంకా పనిచేస్తుండగా నాకు నేర్పారు. రాత్రి ఎంత చల్లబడిందో చూపే గొట్టంలో సన్నటి నల్లపుల్ల ఒకటి ఉంటుంది. అన్నిటికన్నా చల్లగా అయిన చోట ఆగిపోయి పొద్దుటిదాకా మనకోసం కాచుకుని ఉంటుంది. అది చదివి, గొట్టం వంచి, దాన్ని మళ్లీ మొదటికి తెచ్చి పెట్టాలి. నేను పొట్టి కదా, నాకోసం చెక్క పీట చేయించారు. కన్ను అంకెకి సరిగ్గా ఎదురుగా ఉండాలి, కింద నుంచి చూస్తే తప్పు వస్తుందని వంద సార్లు చెప్పేవారు. నలభై రోజులు పరీక్ష పెట్టారు. ముందు ఆయన చదివి ఒక నోటుపుస్తకంలో రాసుకునేవారు, తర్వాత నేను చదివి ఇంకోదాంట్లో. ఒకరిది ఒకరం చూడకూడదు. వారానికొకసారి రెండూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లం. నలభయ్యో రోజు సాయంత్రం నా పుస్తకం మూసి, "ఇంక నువ్వే" అన్నారు.

చుక్క తర్వాత మూడూ ఏడూ ఎందుకొచ్చాయంటావా? ఆయనకి అనుభవం, సగం దగ్గరికి వేసేసేవారు. నాకు భయం. ఏడంటే ఏడే రాయాలి, లేకపోతే దొరికిపోతానని. చివరికి ఆ భయమే దొరికించింది చూశావా.

ఒక్కదాన్నే ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి వచ్చేవారు. తలుపు గడియ తడిమి తనే తీసేవారు. నేను చదివితే తను ఒకసారి పైకి అనేవారు, అప్పుడు రాసేదాన్ని. పతకం ఇచ్చిన రోజు వేదిక మీదికి నా చెయ్యి పట్టుకునే నడిచారు. ఈ వయసులో ఎంత ప్రేమో అని ముందు వరసలో ఆడవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఆయనకి వినిపించి నా వేళ్లు గట్టిగా నొక్కారు.

నీకు ఉద్యోగం వచ్చాక రెండు రోజులు వచ్చావు గుర్తుందా. ఆయన కుర్చీ దిగలేదు, నీ మొహం వైపు సరిగా చూడలేదు. నువ్వు కోపంగా వెళ్లిపోయావు. నువ్వు వీధి మలుపు తిరిగేదాకా ఆయన నీ చెప్పుల చప్పుడు వింటూనే ఉన్నారు.

ఉత్తరాలు ఆయన చెబితే నేను రాశాను. ఆయన అక్షరం దించడం ఒక చలికాలం అంతా నేర్చుకున్నాను. అంకెల మీద నాకు ధ్యాస పోలేదు.

తిట్టాలంటే తిట్టు. ఉత్తరం మాత్రం రాయి.

వదిన


హాస్టల్, నా గది
జూన్ 2

వదినా,

కోపం వచ్చింది. రెండు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు. సొంత అన్నయ్యకి కళ్లు పోతే నాకు తెలియకపోవడం ఏమిటి? ఆయనకి గర్వం పెరిగిందని, ఆడపిల్ల ఒంటరిగా బతకడం నచ్చక మొహం తిప్పుకున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నువ్వు పోయిన తర్వాతైనా నాకు చెప్పొచ్చు కదా. అన్నయ్య పోయాక అని రాయబోయి ఎలా రాశానో చూడు. కొట్టేయను, అలాగే ఉండనీ. నువ్వు పోవడం అన్న మాట చేతిలోంచి రాగానే కోపం దిగిపోయింది.

మూడో రోజు ఆఫీసుకి వెళ్లి ఆ రిజిస్టర్లు మళ్లీ తీశాను. పేజీ పేజీకీ మీరిద్దరూ కనిపించారు. పీట మీద నువ్వు, కింద ఆయన.

ఇప్పుడు నువ్వే చెప్పాలి. మీ ఊళ్లో ఇప్పుడు ఉన్నది తనంతట తనే కొలిచే మిషను. అన్నయ్య రిటైరయ్యే ఏడాది దాన్ని వేరే చోట, మేడ మీద పెట్టారు. పాత పెట్టెకీ ఆ మిషనుకీ మధ్య వంతెన మీ నాలుగేళ్లే. అది తీసేస్తే అటు యాభై ఏళ్లు అటే, ఇటుది ఇటే. ఊరు ఇంత వేడెక్కిందని గట్టిగా చెప్పడానికి ఉండదు. చెప్పాలంటే నీ పేరు చెప్పాలి, అన్నయ్య కళ్ల సంగతి చెప్పాలి. పతకం వెనక్కి అడుగుతారేమో నాకు తెలీదు. నువ్వు వద్దంటే ఈ ఉత్తరాలు నా పెట్టెలోనే ఉంటాయి. ఆ విషయంలో నీకు మాట ఇస్తున్నాను.

పిట్ట


గుట్ట కింది ఇల్లు
జూన్ 11

పిట్టా,

రెండు నోటుపుస్తకాలూ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అట్ట చిరిగింది ఆయనది, నూనె మరక ఉన్నది నాది.

చెప్పు. ఆయన మాట పోకూడదనే అన్నేళ్లూ దాచాను. ఇప్పుడూ దాస్తే ఇంట్లో కూర్చుని ఊహించి రాశాడన్న మాట ఆయన మీద మిగిలిపోతుంది. దానికన్నా కళ్లు పోయాయన్న మాటే నయం. పతకం కావాలంటే వచ్చి పట్టుకెళ్లమను, మేకు మాత్రం నాదే.

ఇంకొకటి. నిన్న ఇస్త్రీ ఆమె మా అరుగు మీద కూర్చుంది. పగలు ఎలాగో ఓర్చుకుంటానక్కా, రాత్రి కూడా ఒళ్లు చల్లబడకపోతే మర్నాడు లేచేదెట్లా అంది. అదే మాట నా చేత్తో నాలుగేళ్లు రాశానని ఆమెకి తెలీదు. రాసినదాన్ని నేనే నోరు మూసుకుని కూర్చుంటే ఎలా?

వదిన


పాత రికార్డుల గది
జూలై 24

వదినా,

మంచి కబురు ముందు రాస్తాను. ఆఫీసరు రెండు పుస్తకాలూ రెండుసార్లు చదివాడు. ఎనభై కొలతల్లో మీ ఇద్దరికీ ఎక్కడా పాయింట్ రెండు డిగ్రీకి మించి తేడా లేదు. "ఇలా పక్కపక్కన చదివి సరిచూడండని మేం చెబుతూనే ఉంటాం. ఎవరూ చెయ్యరు" అన్నాడు. చుట్టుపక్కల మూడు స్టేషన్లతో కూడా పోల్చాడు. అన్నీ నీ అంకెలతోనే నడుస్తున్నాయి. ఆ నాలుగేళ్లు రికార్డులో ఉంటాయి.

పై అధికారులు రెండు వారాలు తర్జనభర్జన పడ్డారు. ఒకాయన అన్నయ్య చేసింది మోసమే అన్నాడు. మోసమైతే అంకెలు తప్పాలి కదండీ అని మా ఆఫీసరు అన్నాడట. పైవాళ్లకి ఆయన ఎదురు చెప్పడం అదే మొదటిసారి. పతకం జోలికి ఎవరూ రారు. స్టేషను చరిత్ర పుస్తకంలో ఈ నాలుగేళ్లూ చదివింది పరిశీలకుడి భార్య అని నీ పేరుతో రాశారు. నకలు ఇందులో పెట్టాను. మీ ఊరికి నివేదిక వెళ్లింది. రేకుల ఇళ్ల వాళ్లకి వేసవిలో స్కూలు హాలు తెరుస్తారట. చేస్తారో లేదో చూడాలి, అడుగుతూనే ఉండాలి.

ఇక నాకోసం ఒకటి అడుగుతాను. ఆరేళ్ల కిందట, నేను అత్తవారింట్లో ఉండలేక, బయటికి రాలేక ఉన్నప్పుడు అన్నయ్య దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ఒక మాట ఉంది. "ఇక్కడ నీకో గది ఉంది. గొళ్లెం లోపలి వైపే ఉంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగరు." నేను మీ ఇంటికి రాలేదు. కానీ ఎక్కడో ఒక గది ఉందని తెలిశాకే ఆ గుమ్మం దాటగలిగాను. ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది, అన్నిసార్లు చదివాను.

ఆ మాట అన్నయ్యదా, నీదా?

పిట్ట


గుట్ట కింది ఇల్లు
ఆగస్టు 6

పిట్టా,

అడుగుతావని తెలుసు. అడక్కపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆ రోజు నీ ఉత్తరం చదివి వినిపించాను. మళ్లీ ఒకసారి చదవమన్నారు. తర్వాత, "రాయి" అన్నారు. కొంచెం సర్దుకుపో తల్లీ, రోజులు ఇలాగే ఉండవు అని రాయమన్నారు. నువ్వంటే ప్రేమ లేక కాదు. నువ్వు వస్తే ఒక్క పూటలో అంతా బయటపడుతుంది. ఆయనకి అదే భయం.

నేను కలం పట్టుకుని కూర్చున్నాను. పెట్టెలో ఉన్నది ఉన్నట్టు రాశాను, ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను, అదే నా పని అనుకున్నాను. ఆ ఒక్క మాటకి మాత్రం చెయ్యి కదల్లేదు. గదీ, గొళ్లెం, ఎవరూ అడగరన్నదీ నేను రాశాను. ఏం రాశావో చదవమంటే ఆయన చెప్పిందే చదివాను. జీవితంలో తప్పు చదివింది ఆ ఒక్కసారే.

వారం రోజులు ఓర్చుకున్నాను. తర్వాత ఒక సాయంత్రం కొలత రాసి ఇంటికి వచ్చాక చెప్పేశాను. ఉత్తరం ఈపాటికి చేరిపోయి ఉంటుంది, ఇక వెనక్కి రాదు అని కూడా చెప్పాను. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. అరుస్తారనుకున్నాను.

"ఆ గది నిండా నా పాత సామాన్లున్నాయి కదా, తీయించెయ్" అన్నారు. "మంచం కిటికీ పక్కకి జరుపు. దానికి గాలి లేకపోతే నిద్ర పట్టదు."

మర్నాడు నేను బయట బట్టలు ఆరేస్తుంటే లోపల చప్పుడైంది. వెళ్లి చూస్తే తనే తడుముకుంటూ మంచం జరిపేశారు. తలుపు దగ్గర నిలబడి, గొళ్లెం ఎక్కడుందో వేళ్లతో వెతుక్కుని, లోపలి నుంచి రెండుసార్లు వేసి, తీసి చూశారు.

వదిన